ఆడకుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాక: మొదటి రాత్రి నుంచి కుట్లు తీసేదాకా

మగకుక్కకి చేసే ఆపరేషన్‌లో కోత పైపైనే ఉంటుంది. ఆడకుక్కకి అలా కాదు, పొట్ట తెరవాలి. రెండు అండాశయాలూ, వాటితో పాటు చాలాసార్లు గర్భసంచీ తీసేస్తారు. బయటికి కనిపించేది రెండు మూడు అంగుళాల గీత. లోపల మాత్రం మూడు వరసల కుట్లుంటాయి: కడుపు గోడలోని గట్టి తెల్లపొరకి ఒకటి, దాని మీది కొవ్వుకి ఒకటి, పైన చర్మానికి ఒకటి. చర్మం పది పద్నాలుగు రోజుల్లో అతుక్కుంటుంది. ఆ లోపలి తెల్లపొరకి పాత బలం రావడానికి నెలలు పడుతుంది.

కుక్కకి ఈ లెక్క తెలీదు. మూడో రోజుకి నొప్పి తగ్గుతుంది, నాలుగో రోజుకి సోఫా ఎక్కడానికి చూస్తుంది. మొదటి రాత్రి ఇంటిల్లిపాదీ మేలుకుని కాపలా కాస్తారు. కుట్లు తెగేది మాత్రం అందరూ ధైర్యపడి కోన్ (గాయం నాకకుండా మెడకి తొడిగే గరాటులాంటి పట్టీ) తీసేసిన అయిదో రోజో, ఆరో రోజో. అందుకే కింద చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఆ రోజుల గురించే.

ఆస్పత్రి నుంచి కదిలే ముందు

డాక్టరుగారిని నాలుగు విషయాలు అడిగి చీటీ మీద రాయించుకోండి. పైన వేసింది కరిగే దారమా, తీయించాల్సిన దారమా? నొప్పి ఇంజెక్షన్ ఎన్ని గంటలకి ఇచ్చారు, మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇవాళ తూచిన బరువెంత? రాత్రి పన్నెండింటికి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి? చివరిది మర్చిపోయి, తర్వాత రాత్రిపూట తెరిచి ఉన్న క్లినిక్ కోసం ఊరంతా తిరిగేవాళ్లు చాలామంది.

స్కూటీ ముందు నిలబెట్టుకుని తీసుకొచ్చే అలవాటుంటే ఇవాళ మానండి. మత్తులో ఉన్న కుక్క కాళ్లు ఎప్పుడు జారతాయో తెలీదు. ఆటో గానీ కారు గానీ మాట్లాడుకుని, పక్కకి పడుకోబెట్టి, మెడ చాపి ఉంచి తీసుకురండి. పగ్, షిట్జు లాంటి చప్పిడిముక్కు జాతులకి ఇది మరీ ముఖ్యం. మెడ ముడుచుకుంటే వాటికి ఊపిరి ఆడదు. ఎత్తేటప్పుడు పొట్ట కింద చెయ్యి పెట్టొద్దు. ఒక చెయ్యి రొమ్ము ముందు, ఇంకొకటి వెనక తొడల చుట్టూ వేసి రెండు చేతుల మధ్యా ఇముడ్చుకోండి. ఇరవై కిలోలు దాటితే మందపాటి దుప్పటి మీద పడుకోబెట్టి ఇద్దరు చెరో వైపూ పట్టుకోవడం మేలు.

మొదటి రాత్రి

కింది అంతస్తులో, మెట్లు లేని చోట, మంచం మీద కాకుండా నేల మీద పక్క వేయండి. టైల్స్, గ్రానైట్ నేల అయితే గోనెపట్టా పరిచి దాని మీద పాత కాటన్ దుప్పటి వేయండి. తూలుతూ లేచేటప్పుడు వెనక కాళ్లు రెండు పక్కలకీ జారిపోయాయంటే ఆ ఊపుకి లోపలి కుట్ల మీద లాగు పడుతుంది. గోనె ఉంటే కాలు నిలుస్తుంది.

మూలుగుడు, వణుకు, కళ్లు తెరిచే ఉన్నా చూపు నిలవకపోవడం, కంటి లోపలి మూల నుంచి తెల్లని పొర సగం దాకా కప్పడం, పడుకున్న చోటే మూత్రం పోయడం ఇవన్నీ మత్తు దిగేటప్పుడు మామూలే. మూలుగు ప్రతిసారీ నొప్పి వల్ల కాదు, సగం మత్తులో తికమక వల్ల కూడా వస్తుంది. అలాంటప్పుడు ఎంత సాధువైన కుక్కయినా ఉలిక్కిపడి కరవచ్చు. పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి.

మత్తులో ఒంటి వేడి తగ్గుతుంది. మామూలుగా కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. డిజిటల్ థర్మామీటర్ కొనకి కాస్త వాజలిన్ రాసి, మలద్వారంలోకి ఒక అంగుళం లోపే పెట్టి చూడండి. 99 కంటే తక్కువుంటే దుప్పటి కప్పి, వేడినీళ్ల సీసాని మందపాటి టవల్‌లో చుట్టి వీపు వైపు పెట్టండి. సీసా నేరుగా ఒంటికి తగలకూడదు. మత్తులో ఉన్న కుక్కకి కాలుతున్నట్టు తెలిసినా పక్కకి జరగలేదు. మే నెలలో దుప్పటి అక్కర్లేకపోవచ్చు గానీ, ఫ్యాను గాలి నేరుగా తగిలేలా మాత్రం పడుకోబెట్టకండి.

ఆ రాత్రి అన్నిటికన్నా భయపడాల్సింది లోపలి రక్తస్రావం. అండాశయం దగ్గర కట్టిన రక్తనాళం ముడి జారితే రక్తం బయటికి రాకుండా పొట్టలోనే చేరుతుంది. గాయం మీద ఒక్క చుక్క కనిపించకపోవచ్చు. దాన్ని పట్టిచ్చేవి చిగుళ్లు. పై పెదవి ఎత్తి, చిగురు మీద బొటనవేలితో నొక్కి వదలండి. నొక్కిన చోట తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. మన ఊరకుక్కల్లో చాలావాటికి చిగుళ్లు నల్లగా ఉంటాయి, అక్కడ రంగు తెలీదు. వాటికి కింది కనురెప్పని కాస్త లాగి లోపలి వైపు చూడాలి. ఆపరేషన్‌కి ముందు రోజే ఒకసారి చూసి ఫోటో తీసుకుంటే పోల్చుకోవడం తేలిక. అర్ధరాత్రి దాకా గంటకోసారి, ఆ తర్వాత తెల్లారేదాకా రెండు మూడు గంటలకోసారి చూడండి.

నీళ్లు, తిండి

తల నిలబెట్టి, పిలిస్తే చూసి, లేచి నాలుగడుగులు వేసేదాకా నోట్లో ఏమీ పెట్టకూడదు. నీరసంగా ఉందని గ్లూకోజు నీళ్లో కొబ్బరినీళ్లో స్పూనుతో, సిరంజితో పోసేవాళ్లున్నారు. ఆ రోజు చేసే తప్పుల్లో ఇది పెద్దది. మత్తులో గుటక సరిగా పడదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది. తేరుకున్నాక గిన్నెలో నాలుగైదు చెంచాల నీళ్లు పెట్టండి. అరగంట నిలిస్తే ఇంకాస్త. రాత్రికి రోజూ పెట్టేదాంట్లో నాలుగో వంతు చాలు. మెత్తగా ఉడికిన అన్నంలో ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ కలపొచ్చు, పెరుగన్నం అలవాటుంటే అదీ సరే. ఒకసారి వాంతయితే కంగారు లేదు, రెండు మూడు సార్లయితే ఫోన్ చేయాలి. పామరేనియన్ లాంటి చిన్న జాతులనీ, నాలుగైదు నెలల పిల్లలనీ ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచకూడదు. తేరుకోగానే కొంచెమైనా తినిపించాలి.

మర్నాటి నుంచి మామూలు తిండే. మాంసం, గుడ్డు పెడితే చీము పడుతుందని పత్యం చేయిస్తుంటారు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, కాబట్టి ఉడికించిన చికెన్, గుడ్డు నిక్షేపంగా పెట్టండి. ఎముకలు మాత్రం వద్దు. మలబద్ధకం వస్తే కుక్క ముక్కుతుంది, ముక్కితే కుట్ల మీద భారం పడుతుంది. రెండు మూడు రోజులు మలవిసర్జన లేకపోవడం సహజమే, కడుపు ఖాళీ కదా. ఆముదం పట్టించొద్దు. ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు రెండు చెంచాలు అన్నంలో కలిపితే చాలు. మూత్రం సంగతి వేరు. ఇరవై నాలుగు గంటల్లో ఒక్కసారీ పోయకపోతే డాక్టరుకి చెప్పాలి.

శ్వాసనాళంలో ట్యూబు వేసి ఉంటే రెండు మూడు రోజులు పొడిదగ్గు ఉండొచ్చు.

నొప్పి మాత్రలు

నొప్పి ఉంటే కదలకుండా పడి ఉంటుందిలే అని మాత్ర ఆపేసేవాళ్లున్నారు. నొప్పి ఉన్న కుక్క తిండి మానేస్తుంది, నిద్రపోదు, గాయాన్ని ఎక్కువ నాకుతుంది. ఎక్కువగా రాసేది మెలోక్సికామ్. మొదటి మోతాదు తర్వాత కిలో బరువుకి 0.1 మిల్లీగ్రాము చొప్పున, రోజుకి ఒక్కసారి, తిండి తిన్నాకే ఇవ్వాలి. ఇరవై కిలోల కుక్కకి 2 మిల్లీగ్రాములన్నమాట. మెడికల్ షాపులో మనుషులకి ఇచ్చే మాత్ర 7.5 లేదా 15 మిల్లీగ్రాములుంటుంది. పేరు ఒకటే కదా అని అది వేస్తే మోతాదు ఎన్ని రెట్లు దాటుతుందో చూడండి. మాత్ర వేస్తుండగా వాంతులు మొదలైనా, మలం తారులా నల్లగా వచ్చినా ఆపేసి ఫోన్ చేయండి. దురదకో మరొకదానికో ముందే స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఆ మాట డాక్టరుకి తప్పక చెప్పాలి, ఈ రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడతాయి.

ఇంట్లో ఉన్న డోలో, కాంబిఫ్లామ్, డైక్లోఫెనాక్ ఏదీ సొంతంగా వేయకండి. ఇబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపునీ కిడ్నీలనీ దెబ్బతీస్తాయి, పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పోతుంది. యాంటీబయోటిక్ రాస్తే, గాయం బాగుంది కదా అని మధ్యలో ఆపకుండా చెప్పినన్ని రోజులూ వేయండి.

గాయాన్ని చూడటం

పొద్దునా సాయంత్రం, ఒకే చోట, ఒకే వెలుతురులో చూసి రోజుకో ఫోటో తీయండి. ఎరుపు పెరిగిందా తగ్గిందా అన్నది జ్ఞాపకం మీద తేలదు, ఫోటోలు పక్కపక్కన పెడితే తేలుతుంది. డాక్టరుకి వాట్సాప్‌లో పంపడానికీ పనికొస్తాయి.

అంచులు రెండూ ఒకదానికొకటి ఆనుకుని, చుట్టూ చర్మం పొడిగా ఉండాలి. మొదటి మూడు రోజులు కాస్త ఎరుపు, కాస్త వాపు ఉంటాయి. మొదటి రోజు నీళ్లగా ఎర్రటి చుక్కలు రెండు మూడు దుప్పటికి అంటొచ్చు. పొట్ట మీద కమిలిన మచ్చ కూడా కనిపించొచ్చు. గీత కింద వేలితో తడిమితే తాడులా గట్టిగా తగిలితే భయం లేదు. అది లోపలి దారానికి ఒళ్లు స్పందించడం, కొన్ని వారాల్లో కరిగిపోతుంది.

మెత్తగా, నీళ్ల సంచిలా ఉబ్బితే, వేడీ నొప్పీ లేకపోతే, చర్మం కింద నీరు చేరినట్టు. బాగా గెంతిన కుక్కల్లో వస్తుంది. పిండొద్దు, సూదితో పొడవొద్దు, పొడిస్తే లేని చీముని లోపలికి పంపినట్టే. డాక్టరుకి ఒకసారి చూపించి, గెంతడం ఆపితే చాలామట్టుకి ఒంట్లోకే ఇంకిపోతుంది. ఉబ్బు నొక్కితే లోపలికి పోయి, వదిలితే మళ్లీ వస్తుంటే మాత్రం లోపలి పొర విడిపోయి ఉండొచ్చు. అదే రోజు చూపించాలి. పచ్చటి చీము, దుర్వాసన, మూడో రోజు తర్వాత పెరిగే ఎరుపు, 103.5 దాటిన జ్వరం, వీటిలో ఏది కనిపించినా అంతే.

గాయానికి ఏం రాయాలని అందరూ అడుగుతారు. డాక్టరు రాసిందే రాయాలి, ఏమీ రాయకపోతే ఏమీ రాయొద్దు. పసుపూ కొబ్బరినూనే రాశారంటే మూడు నష్టాలు: గాయం తడిగా ఉంటుంది, నూనె వాసనకి కుక్క నాకుతుంది, పసుపు రంగు కింద ఎరుపూ చీమూ మీకే కనపడవు. డెట్టాలు, స్పిరిటు, హైడ్రోజన్ పెరాక్సైడు కొత్తగా అతుక్కుంటున్న చర్మాన్నే చంపేస్తాయి. మట్టి అంటితే సెలైన్‌తో తడిపిన దూదితో అద్ది, పొడి గుడ్డతో ఒత్తండి. రుద్దకండి. కుట్లు తీసేదాకా స్నానం లేదు, పౌడరూ లేదు.

వానాకాలంలో ఈగల సంగతి చూసుకోవాలి. తడిసిన గాయం మీద ఈగ గుడ్లు పెడితే ఒక్కరోజులోనే పురుగులు పుడతాయి. ఆ గుడ్లు బియ్యపు నూకల్లా, తెల్లగా, గుంపుగా, ఎక్కువగా వెంట్రుకల మొదట్లో అంటుకుని ఉంటాయి. ఆ దశలో కనిపిస్తే తడి దూదితో తుడిచేసి వెంటనే చూపించండి. గాయం మానేదాకా కుక్కని ఇంట్లోనో దోమతెరలోనో ఉంచడమే అసలు మందు. ఈగల స్ప్రే కొట్టాలంటే గాయం మీదా, చుట్టూనా అని అడిగి కొట్టండి. అన్నీ కుట్ల మీద కొట్టేవి కావు.

కోన్ పెట్టుకోనంటుంది

ఏ కుక్కా సరదాగా పెట్టుకోదు. మొదటి గంట రాయిలా నిలబడిపోతుంది, తర్వాత గోడలకి గుద్దుకుంటుంది, రెండో రోజుకి అలవాటవుతుంది. కుక్క ముందు పళ్లు దువ్వెన లాంటివి. పైకుట్లు ఊడదీయడానికి అయిదు నిమిషాలు చాలు. నాకితే త్వరగా మానుతుందన్న మాట నమ్మకండి. నోట్లో ఉన్న సూక్ష్మక్రిములన్నీ గాయంలోకి చేరతాయి.

కొలత ఇలా: పట్టీ వేసే చోట మెడ చుట్టుకొలత ఒకటి, అక్కడి నుంచి ముక్కు కొన దాకా పొడవు ఒకటి. కోన్ ముక్కు కన్నా ఒకటి రెండు అంగుళాలు ముందుకి ఉండాలి, మెడ దగ్గర రెండు వేళ్లు దూరాలి. పెట్టాక కుక్క ఒళ్లు ముడుచుకుని పొట్టని అందుకుంటుందేమో కాసేపు చూడండి. అందితే అది చిన్నది. తిండి గిన్నె కోన్ చుట్టుకన్నా చిన్నదై, పీట మీద ఎత్తుగా ఉంటే తీయకుండానే తింటుంది. కావాలంటే తినే పది నిమిషాలు తీయండి, ఎదురుగా కూర్చోండి. ఫోన్ మోగిందని లేచి వెళ్లేటట్టయితే ముందు కోన్ తొడిగి వెళ్లండి.

టీషర్టు కూడా పనిచేస్తుంది. ఇరవై కిలోల కుక్కకి పదేళ్ల పిల్లల సైజు సరిపోతుంది. తల మెడలోంచి, ముందు కాళ్లు చేతుల్లోంచి దూర్చి, వెనక మిగిలిన గుడ్డని నడుము మీదకి లాగి జుట్టు రబ్బరుతో ముడేయండి. మూత్రానికి తీసుకెళ్లేముందు ముడి విప్పి పైకి మడవాలి, లేకపోతే తడిసి గాయానికి అంటుకుంటుంది. మూడు టీషర్టులుంటే ఉతికి మార్చుకోవచ్చు. కోత ఉన్నచోట గుడ్డ మీద తడి మచ్చ కనిపించిందంటే పైనుంచి నాకుతోందని అర్థం. ఇక టీషర్టు చాలదు, కోనే.

కదలిక

పది నుంచి పద్నాలుగు రోజులు గొలుసు లేకుండా గుమ్మం దాటకూడదు. రోజుకి నాలుగైదు సార్లు, అయిదు పది నిమిషాలు, మూత్రానికీ మలానికీ మాత్రమే. మెట్లు, సోఫా, మంచం, వీధి కుక్కల మీదకి ఉరకడం, ఇంట్లో రెండో కుక్కతో కుస్తీ అన్నీ బంద్. కాలింగ్ బెల్ మోగగానే గెంతే కుక్కయితే ఈ రెండు వారాలు బెల్లు స్విచ్ తీసేసి, వచ్చేవాళ్లని ఫోన్ చేయమనండి. పని లేని కుక్క అల్లరి చేస్తుంది కాబట్టి తిండిని గిన్నెలో పోయకుండా పాత టవల్ మడతల్లో దాచి వెతకనివ్వండి. పావుగంట ముక్కుతో వెతికితే బాగానే అలిసిపోతుంది. అప్పటికీ ఆగకపోతే మత్తుగా ఉంచే మాత్రలున్నాయి, డాక్టరుని అడగడానికి మొహమాటపడొద్దు.

ఎదలో ఉండగా ఆపరేషన్ అయితే ఇంకో రెండు మూడు వారాలు మగకుక్కలు వాసన పట్టి వస్తాయి. ఇక గర్భం రాదు గానీ, దాటనిస్తే లోపలి కుట్లకి ప్రమాదం. ఎద అయిన రెండు మూడు నెలల్లో ఆపరేషన్ జరిగితే కొన్నిటికి రొమ్ములు ఉబ్బి పాలు వస్తాయి. పిండితే ఇంకా వస్తాయి, వదిలేస్తే ఆగుతాయి.

గంట కూడా ఆగకూడనివి

- చిగుళ్లు సున్నంలా తెల్లబడటం, కాళ్లూ చెవులూ చల్లబడటం, నిలబడలేకపోవడం
- పొట్ట గట్టిగా ఉబ్బుతూ పోవడం
- గాయం నుంచి గానీ యోని నుంచి గానీ రక్తం ధారగా రావడం (రెండు మూడు రోజులు కాస్త మరక పడటం వేరు)
- నిద్రలో కూడా నిమిషానికి నలభైకి మించి ఊపిరి తీయడం
- కోత తెరుచుకుని లోపలి నుంచి వెన్నలాంటి కొవ్వో, పేగో కనిపించడం

చివరిది జరిగితే లోపలికి తోయకండి. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ దాని మీద పరిచి, పొట్ట చుట్టూ టవల్ కట్టి, కోన్ తొడిగి, తిండీ నీళ్లూ పెట్టకుండా బయల్దేరండి. దారిలోనే ఆస్పత్రికి ఫోన్ చేస్తే వాళ్లు థియేటర్ సిద్ధం చేసుకుంటారు.

వీధి కుక్కయితే

కేంద్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొన కత్తిరించి, పట్టిన చోటే వదలాలి. వీటికి చాలాచోట్ల పొట్ట కింద కాకుండా డొక్క పక్కన కోస్తారు. దానివల్ల మీకొక వీలుంది, దూరం నుంచి ఫోన్ జూమ్ చేసినా గాయం కనిపిస్తుంది. కోన్ ఉండదు, పట్టుకోనివ్వదు. రోజూ ఒకే వేళకి తిండి పెట్టి, తినేటప్పుడు డొక్క ఫోటో తీయడం మీరు చేయగలిగింది. వాపు, ఈగలు, తెరుచుకోవడం కనిపిస్తే ఆ ఫోటోతో మునిసిపాలిటీ పశువైద్య విభాగానికి గానీ వదిలిన బృందానికి గానీ చెప్పండి.

కుట్లు తీశాక

పైన నల్లదారమో నీలందారమో కనిపిస్తే పది, పద్నాలుగు రోజుల మధ్య తీయించాలి. ఇంట్లో కత్తెరతో తీయొద్దు. ముడి ఏ వైపు కోయాలో తెలియకపోతే బయట ఉన్న మురికి దారం గాయం లోపలి నుంచి లాక్కొస్తారు. తీసిన రెండు రోజులకి స్నానం చేయించవచ్చు. పరుగులు, మెట్లు ఒక్కసారిగా కాకుండా వారం పాటు కొంచెం కొంచెంగా పెంచండి. గొరిగిన చోట వెంట్రుకలు పూర్తిగా రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

తిండి కొలత ఇప్పుడే మార్చాలి. అండాశయాలు పోయాక ఒంటికి కావాల్సిన శక్తి తగ్గుతుంది, ఆకలేమో పెరుగుతుంది. పాత కొలతలో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా తగ్గించి, నెలకోసారి తూచండి. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే నొక్కకుండానే ఎముకలు తగలాలి. వెతుక్కోవాల్సి వస్తే ఇంకా తగ్గించాలి. నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో నిద్రలో పక్క తడుపుతుంటే కోప్పడకండి. పెద్ద జాతి ఆడకుక్కల్లో ఆపరేషన్ తర్వాత కొన్నిటికి మూత్రం అదుపు తగ్గుతుంది, మాత్రలతో కుదురుతుంది. మళ్లీ ఎద లక్షణాలు కనిపిస్తే, అంటే యోని ఉబ్బి, మగకుక్కలు వెంటపడుతుంటే, అండాశయం ముక్క లోపల మిగిలి ఉండొచ్చు. ఆ లక్షణాలు ఉన్న రోజుల్లోనే తీసుకెళ్లండి, పరీక్షలో తేలిగ్గా దొరికేది అప్పుడే.